ఆ సిగ్నల్ ఆకాశానిదేనా?

ప్రశ్న: అంతరిక్షంలో బలమైన ‘నీటి మేజర్’ని (లేజర్ కాంతిని పెంచినట్టే మైక్రోతరంగాలను పెంచేది మేజర్) రేడియో టెలిస్కోపుతో కనిపెట్టారని చదివాను. అది భూమ్మీది సిగ్నల్ కాదని ఎలా తెలుస్తుంది? ఇంతకీ అక్కడ నీళ్ళున్నట్టేనా?

జవాబు: మీ అనుమానమే నాకూ వచ్చింది. మొదటిసారి ఓరియన్ నెబ్యులా (నక్షత్రాలు పుట్టే ఒక వాయు మేఘం) వైపు డిష్ తిప్పినప్పుడు, స్క్రీన్ మీద చదునైన గీత మధ్యలో మేకు నిలబెట్టినట్టు సన్నటి శిఖరం కనిపించింది. మా పనిలో సిగ్నల్ అంటే గంటల తరబడి పోగేస్తే గానీ బయటపడదు. ఇది చూస్తుండగానే వచ్చేసింది. రిసీవర్ పాడైందని కేబుళ్ళన్నీ పీకి మళ్ళీ పెట్టాను.

డిష్ కాస్త పక్కకు జరిపితే శిఖరం మాయం, వెనక్కి తెస్తే ప్రత్యక్షం. అయినా నాకు పూర్తి నమ్మకం కుదిరింది కొన్ని నెలలయ్యాకే. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది కదా. ఆ శిఖరం నీటి అణువు వదిలే రేడియో తరంగానిది, దాన్నే ‘నీటి గీత’ అంటాం. అది ఉండేది 22,235 మెగాహెర్ట్జ్ దగ్గర. అక్కడ ఓరియన్ దిశగా మన వేగం సెకనుకు ఒక్క కిలోమీటరు మారినా గీత 74 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. లెక్క కట్టి చూస్తే, భూమి కదలికకు ఎంత జరగాలో దాదాపు అంతే జరిగింది. పక్క ఊరి ట్రాన్స్‌మిటర్ అలా జరగదు.

ఓరియన్‌లో దీన్ని మొదట పట్టింది అమెరికా భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ టౌన్స్ బృందం. కాలిఫోర్నియాలోని హ్యాట్ క్రీక్‌లో, సుమారు 6 మీటర్ల చిన్న డిష్‌తో. 1969లో ప్రకటించారు. 1954లో ల్యాబ్‌లో తొలి మేజర్ చేసిందీ ఆయన బృందమే. తీరా చూస్తే అది ఆకాశంలో ఎప్పటినుంచో ఉంది!

ఇంత బలమైన సిగ్నల్ ఉత్త వేడి వల్ల రాదు. అలా రావాలంటే కొన్నిచోట్ల ఉష్ణోగ్రత కోటి కోట్ల డిగ్రీలు దాటాలి. కొన్ని వేల డిగ్రీలకే నీటి అణువు ముక్కలైపోతుంది. అసలు ఆ వాయువు వేడి కొన్ని వందల డిగ్రీలే. జరిగేదేమిటంటే, పుడుతున్న నక్షత్రాల నుంచి దూసుకొచ్చే వాయువు చుట్టూ ఉన్నదాన్ని గుద్దుతుంది. ఆ తాకిడికి కింది శక్తి స్థాయిలో కన్నా పై శక్తి స్థాయిలో ఎక్కువ నీటి అణువులు చేరతాయి. అటుగా వెళ్ళే తరంగం తగిలితే చాలు, అణువు సరిగ్గా అలాంటి తరంగాన్నే వదులుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, అలా కోట్ల కిలోమీటర్ల పొడవునా పెరుగుతూ వస్తుంది.

నీళ్ళా? ఉన్నది ఆవిరే, అదీ మన గాలికన్నా కోట్ల రెట్లు పలుచన. మన తలమీద ఉన్న ఆవిరి మాత్రం ఇదే పౌనఃపున్యం దగ్గర సిగ్నల్‌ని మింగుతుంది. అందుకే ముసురు పట్టిన రోజున నేను డిష్ జోలికి పోను.