రాజమండ్రిలో కలప, కాలువలు, లాకులు

ప్రశ్న: రాజమండ్రికి ఓడరేవు లేదు, గనులూ లేవు. అయినా కలప అడితీలు, ధాన్యం వ్యాపారం అక్కడే ఎందుకు కుదురుకున్నాయి? లాకుల్లోంచి పడవలు ఎలా దాటేవి?

జవాబు: ముందు ఊరున్న చోటు చూడండి. పాపికొండల ఇరుకు దాటిన గోదావరి ఇక్కడికొచ్చేసరికి బాగా వెడల్పవుతుంది, ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. పైన మన్యం, కింద వరిచేలు. అడవి సరుకు దిగడానికి, ధాన్యం ఎక్కడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. కలప నీటి మీదే వచ్చేది. పచ్చి టేకు దుంగ సరిగా తేలదు. బాగా ఆరనిచ్చి, వెదుళ్లు జతచేసి తెప్పగా కట్టాలి. కట్టు వదులైతే రాయి తగిలిన చోటే తెప్ప విడిపోతుంది.

1847లో మొదలై 1852కల్లా పూర్తయిన ఆనకట్టతో వ్యాపారం మలుపు తిరిగింది. ధవళేశ్వరం దగ్గర లంకలు నదిని నాలుగు పాయలు చేశాయి కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం కట్టలను ఆర్థర్ కాటన్ విడివిడిగా కట్టించగలిగాడు. రాయి పక్క కొండలోనే దొరికింది. అడుగంతా ఇసుక గనుక బావులు దించి, వాటి మీద పునాది వేశారు. ఆనకట్ట నుంచి తీసిన ఈ కాలువలు సాగుకే అనుకుంటారు చాలామంది. నిజానికి అప్పట్లో అవి డెల్టాకు రహదారులు కూడా. కాకినాడ దాకా సరుకు పడవల్లోనే వెళ్లేది.

ఇక లాకు. కాలువ మట్టం మారే చోట రెండు వైపులా జంట తలుపులున్న తొట్టి అది. పడవ దిగాలంటే ముందు తొట్టిని ఎగువ మట్టం దాకా నింపి, పై తలుపులు తీసి, పడవను లోపలికి లాగి మళ్లీ మూస్తారు. తర్వాత దిగువ తూములు కొద్దికొద్దిగా ఎత్తుతారు. ఒక్కసారిగా ఎత్తితే నీటి ఊపుకు పడవ గోడకు కొట్టుకుంటుంది. మట్టం దిగే కొద్దీ తాడు వదులుతూ ఉండాలి. బిగించి వదిలేస్తే పడవ తాడుకు వేలాడి ఒక పక్కకు ఒరిగిపోతుంది. తలుపులు ఎగువకు మొనలా కలుస్తాయి, వాటిని అదిమి పట్టేది నీటి బరువే. లోపలా బయటా మట్టం జానెడు తేడా ఉన్నా మనుషులు తోస్తే కదలవు. రెండూ సమమైతే తేలిగ్గా తెరుచుకుంటాయి.

1900లో 56 ఖానాల హేవలాక్ వంతెన మీదుగా రైలు గోదావరి దాటింది. పూడిక తీయడానికి, మరమ్మతులకు వేసవిలో కాలువలు కట్టేసేవారు, పడవలు ఆగిపోయేవి. రైలుకు ఆ ఇబ్బంది లేదు. దూరం వెళ్లే సరుకు ముందుగా అటు మళ్లింది. పల్లెల ధాన్యం మాత్రం రోడ్లు బాగుపడేదాకా పడవల్నే నమ్ముకుంది.