అప్పీలు కథ రాస్తున్న మిత్రునికి

ప్రియమైన మిత్రునికి,

మీ చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. అత్యాచారం కేసులో సెషన్స్ కోర్టు శిక్ష వేశాక ముద్దాయి హైకోర్టుకు అప్పీలు చేసుకున్న దగ్గర నవల ఎత్తుకోవడం నాకు నచ్చింది. మన కథకులు చాలామంది కింది కోర్టు తీర్పుతోనే కలం మూసేస్తారు. అయితే మూడో అధ్యాయంలో మీరు బాధితురాలిని హైకోర్టులో బోనెక్కించి, ముద్దాయి తరఫు వకీలు చేత ప్రశ్నలడిగించి, ఏడిపించారు. అలా జరగదు. అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం అప్పీలు కోర్టుకు ఉన్నా దాన్ని వాడేది అరుదు. అక్కడ మనుషులుండరు, కాగితాలుంటాయి: ఫిర్యాదు, వైద్య నివేదిక, పి.డబ్ల్యు.1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, అంటే ఆమె) వాంగ్మూలం, క్రాస్ ఎగ్జామినేషన్, కింది కోర్టు తీర్పు.

మీ కథకు అసలు సరుకు ఆ కాగితాల్లోనే ఉందని నా అభిప్రాయం. ఆమె కింది కోర్టులో తెలుగులో చెప్పుకుంది. చాలాచోట్ల జడ్జిగారు దాన్ని అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే టైపు అవుతుంది. "నాకు ఒళ్లు చచ్చుబడిపోయిందయ్యా" అన్న మాట కాగితం మీదికి వచ్చేసరికి "నేను ప్రతిఘటించలేదు" అయిందనుకోండి. కొన్నేళ్ల తరువాత, ఆమె గొంతు ఎన్నడూ వినని న్యాయమూర్తుల ముందు, అప్పీలుదారు వకీలు ఆ ముక్క ఒక్కటే చదివి, ప్రతిఘటన లేదు కనుక సమ్మతి ఉన్నట్టేనని వాదిస్తాడు. మీరు రాయవలసిన ఘట్టం ఇది. కన్నీళ్లు అక్కరలేదు.

ఆ వాదనకు జవాబు ఎలా పుట్టిందో మీకు తెలిసి ఉండాలి, పాత్రల చేత ఉపన్యాసం ఇప్పించకపోయినా సరే. మథుర అనే ఆదివాసీ అమ్మాయి పోలీసు స్టేషన్లో తనపై అత్యాచారం జరిగిందన్న కేసులో సుప్రీంకోర్టు 1978లో ఇద్దరు పోలీసులను విడుదల చేస్తూ, ఆమె ఒంటిపై గాయాలు లేకపోవడాన్ని ఆమెకు వ్యతిరేకంగానే చదివింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశారు. ఆ తరువాత రేగిన ఆందోళన వల్ల 1983లో చట్టం మారింది. బాధితురాలి సాక్ష్యం నమ్మదగినదైతే అదొక్కటే శిక్షకు చాలునని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. శారీరకంగా ఎదిరించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదన్న మాట 2013 సవరణతో నేరుగా చట్టంలోకే ఎక్కింది.

ఇక తేదీల సంగతి. మీ కథలో నేరం 2011లో జరిగింది, శిక్ష మాత్రం 2018 సవరణ తెచ్చిన పదేళ్ల కనీస శిక్ష ప్రకారం వేయించారు. నేరం జరిగిననాటి చట్టమే శిక్షకు వర్తిస్తుంది. అప్పట్లో కనీసం ఏడేళ్లు. పైగా ప్రత్యేక కారణాలు రాసి అంతకన్నా తగ్గించే వెసులుబాటు జడ్జికి ఉండేది, 2013లో దాన్ని తీసేశారు. ఈ పొరపాటు మీకు కలిసొస్తుంది: నేరం రుజువైన సంగతి కదలదని తేలాక వకీలు గొంతు తగ్గించి, పెళ్లయింది, పిల్లలున్నారు, శిక్షైనా తగ్గించండని అడిగే సన్నివేశం ఆ పాత చట్టం కిందే పండుతుంది. (ఆమెకు పెళ్లయిందో లేదో అక్కడ ఎవరూ అడగరు.) చివర్లో న్యాయమూర్తి కోపంతో శిక్ష రెట్టింపు చేయడం కూడా తీసేయండి. ముద్దాయి వేసుకున్న అప్పీలులో శిక్ష పెంచకూడదు. దానికి ప్రభుత్వం విడిగా అప్పీలు వేయాలి. 2009లో బాధితులకు ఇచ్చిన అప్పీలు హక్కు ముద్దాయిని విడుదల చేసినప్పుడు, తక్కువ నేరానికి మార్చినప్పుడు, పరిహారం చాలనప్పుడు మాత్రమే పనికొస్తుంది. శిక్ష చాలదని ఆమె స్వయంగా అప్పీలు వేయడానికి వీల్లేదు.

నిజమైన కేసు ఏదైనా ఆధారమైతే ఆమెను గుర్తుపట్టగల వివరం ఒక్కటీ మిగలనీయకండి. చట్టం దాన్ని నేరంగా చూస్తుంది. ఒకప్పుడు నేను ఒక కథలో పేరు మార్చాను గానీ ఊరి చెరువును మార్చలేదు. ఆ ఊరివాళ్లకు అది చాలింది. ఆ కథను నా సంపుటిలో చేర్చలేదు.

మూడో అధ్యాయం తిరగరాసి పంపండి. వాదనలు జరిగే రోజు చాలాసార్లు ఆమెకు తెలియనే తెలియదు. ఆ పూట మీ కథలో ఆమె ఎక్కడ, ఏ పనిలో ఉందో చదవాలని ఉంది.

మీ శ్రేయోభిలాషి