పల్లస్, పల్లాస్ ఒక్కరేనా?

సందేహం: రోమన్ కవి వర్జిల్ లాటిన్ కావ్యం ‘ఈనీడ్’ను ఇంగ్లిషు నుంచి తెలుగు చేస్తున్నాను. యుద్ధదేవత ఒకచోట మినర్వా, ఒకచోట పల్లాస్, ఇంకోచోట ట్రిటోనియా. తీరా ముందుకెళ్తే పల్లాస్ అనే కుర్రాడు కూడా ఉన్నాడు! అన్నిచోట్లా ఎథీనా అని రాసేయనా?

సమాధానం: వద్దండీ, అలా చేయకండి. గ్రీకుల అథీనను రోమన్లు తమ మినర్వతో కలిపేసుకున్నారు, దేవత ఒక్కతే, పేర్లే వేరు. మన పద్యాల్లో పార్వతి ఒక పాదంలో గౌరి, ఇంకో పాదంలో కాత్యాయని అయినట్టే అక్కడా ఛందస్సు కుదరాలి, సందర్భమూ పలకాలి. రెండో సర్గలో ట్రాయ్ తగలబడుతుంటే వీనస్ దేవి తన కొడుకు, కథానాయకుడు ఈనియస్‌కి చూపిస్తుంది, కోట కొమ్మున మబ్బులో మెరుస్తూ గోర్గన్‌తో (పాముల జుట్టున్న రక్కసి తలతో) కూర్చున్న దేవతను. అక్కడ కవి త్రీతోనియ (మీరన్న ట్రిటోనియా), పల్లస్ అని రెండు పేర్లూ వాడాడు. అథీన అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ గంభీరత పోతుంది. (అదే సర్గలో పల్లస్ నేర్పుతో కట్టిన కొయ్య గుర్రాన్ని ‘కొండంత’ అన్నాడు, అచ్చం మనలాగే.)

ఇక రాత సంగతి. మినర్వా కాదు, మినర్వ. సీతా మనకు సీత అయినట్టే. లాటిన్‌లోనూ ఆ చివరి అచ్చు హ్రస్వమే, కాబట్టి రెండు విధాలా ఇదే సరి.

అసలు చిక్కు ఆ కుర్రాడితోనే. అతను ఈనియస్‌కి అండగా నిలిచిన రాజు ఎవాండర్ కొడుకు, పదో సర్గలో శత్రువీరుడు టర్నస్ చేతిలో చనిపోతాడు. లాటిన్‌లో దేవత పేరు చివర హ్రస్వం, కుర్రాడి పేరు చివర దీర్ఘం. ఇంగ్లిషు అక్షరాల్లో ఆ తేడా కనబడదు, మన లిపిలో ఒక్క దీర్ఘంతో తేలిపోతుంది. దేవతను పల్లస్ అనండి, కుర్రాణ్ని పల్లాస్ అనండి. ఇంత సుళువుగా దొరికిన సాయాన్ని దయచేసి వదులుకోకండి.

అది చాలదన్న టెన్షన్ కూడా అక్కర్లేదు, మన క్రియ ఉండనే ఉంది. కావ్యం చివర టర్నస్ ఒంటి మీద ఆ కుర్రాడి నడికట్టు చూసి ఈనియస్ కోపంతో ఊగిపోతూ కత్తి ఎత్తి, ఈ దెబ్బ కొడుతున్నది నేను కాదు, పల్లాస్ అంటాడు. ఇంగ్లిషులో చదివేవాళ్లు అక్కడ దేవతేమో అనుకునే ప్రమాదం ఉంది. మీరు “పల్లాస్ నిన్ను బలి ఇస్తున్నాడు” అని రాయండి, ఆ ‘డు’ చూశాక ఎవరికీ అనుమానం రాదు.