బర్మింగ్‌హామ్, అలబామా ఉండటానికి బాగుంటుందా? మా నాన్నని అడగండి

"డల్లాస్‌లో ఉంటున్నాం. మా ఆయనకి అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్లొచ్చా? మనవాళ్లు ఉంటారా? ఊరు మరీ చప్పగా ఉంటుందని అందరూ అంటున్నారు, నిజమేనా?" అని మీరు అడిగారు.

ఆ 'అందరూ' ఎవరో ముందు కనుక్కోండి. వాళ్లలో ఒక్కరు కూడా ఈ ఊళ్లో ఒక రాత్రి పడుకుని ఉండరని నేను పందెం కాస్తాను. డల్లాస్ నుంచి అట్లాంటాకి ఐ-20 మీద పోతూ ఇక్కడ గ్యాస్ కొట్టించుకుని, బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఒక కాఫీ తాగి తీర్పు చెప్పేసి ఉంటారు. నేను డల్లాస్‌లో నాలుగేళ్లు ఉండి 2015లో ఇక్కడికి వచ్చాను. బ్యాంకులో డేటాబేస్ పని. ఏడాది చూసి వెనక్కి పోదామనుకున్నాం. ఇంకా ఇక్కడే ఉన్నాం.

ముందు పేరుతో తంటా. ఇండియాలో ఎవరికి చెప్పినా "ఓ, లండన్ దగ్గరా?" అంటారు. మా పెద్దత్త ఇప్పటికీ మేం ఇంగ్లండ్‌లో ఉన్నామనే నమ్ముతోంది, మేమూ దిద్దడం మానేశాం. ఆవిడని అనుకోవడం కూడా తప్పే. 2008లో ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్ కౌన్సిల్ వాళ్లే తమ ఊరి కరపత్రాల మీద పొరపాటున మా ఊరి ఫోటో అచ్చేసి లక్షల కాపీలు పంచారు.

మనవాళ్ల సంగతి. ఉన్నారు. పెల్‌హామ్‌లో గుడి ఉంది, ఉగాదికి ఒక హాలు నిండుతుంది. అంతకంటే ఎక్కువ మంది ఎందుకండీ? నాకో సిద్ధాంతం ఉంది: మనవాళ్లు మరీ ఎక్కువైన ఊళ్లో మనకి పక్కింటివాళ్లంటూ ఉండరు, అందరూ బంధువులే. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్నప్పుడు ఒక్కో శనివారం రెండు పుట్టినరోజులు, ఒక గృహప్రవేశం, ఒక సీమంతం. రిటర్న్ గిఫ్టుగా వచ్చిన కుంకుమ భరిణెలతో మా వంటింట్లో ఒక డ్రాయర్ మూత పడేది కాదు. నాలుగేళ్లలో మా వీధిలో ఉన్న తెలుగువాడు కానివాడి పేరు ఒక్కటీ నాకు తెలియలేదు. ఇక్కడ దిగిన మూడో రోజున ఎదురింటావిడ పీచ్ పళ్లు తెచ్చిచ్చి, మా అమ్మాయిని ఎత్తుకుని, మా ఆవిడని 'హనీ' అని పిలిచి, మా చర్చికి రమ్మని కూడా అంది. చర్చికి వెళ్లలేదు, పీచ్ పళ్లు తిన్నాం.

ఇంకోటి. ఇంగ్లిష్‌లో 'మీరు' లేదని మనం బాధపడతాం కదా. ఇక్కడివాళ్లకి 'యాల్' ఉంది. ఒకణ్ణి కాదు, ఇంటిల్లిపాదినీ కలిపి పలకరించే మాట. పిల్లలు మాట మాటకీ 'యస్ మ్యామ్', 'నో సర్' అంటారు. గోదావరి జిల్లాల 'అండీ' వినిపించినట్టే ఉంటుంది నాకు.

సరే, మీ అసలు భయం నాకు తెలుసు. మీరు అడగలేదు కానీ, ఇలాంటి ప్రశ్న అడిగే ప్రతివాళ్ల మనసులో ఉండేది అదే: అమ్మానాన్న వస్తే ఆరు నెలలు ఏం చేస్తారు? అది చెబుతాను.

2022 మే నెలలో మా వాళ్లు వచ్చారు. మాది ఉక్కునగరం, అంటే విశాఖ స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్. నాన్న బ్లాస్ట్ ఫర్నేస్‌లో, అంటే ఖనిజం కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. ఇక్కడికి వచ్చిన మొదటి పది రోజులూ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, "ఈ రోడ్డు మీద మనుషులేరిరా?" అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగేవాడు. పదకొండో రోజున వల్కన్ దగ్గరికి తీసుకెళ్లాను. రెడ్ మౌంటెన్ అనే కొండ మీద 56 అడుగుల పోత ఇనుము విగ్రహం, రోమన్ల కమ్మరి దేవుడు, మన విశ్వకర్మ వరస. 1904లో సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్ కోసం పోత పోశారు. పోత ఇనుము విగ్రహాల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. ముందు ఏప్రాన్ కట్టుకుంటాడు, వెనక ఏమీ ఉండదు. ఆ వెనక వైపే మేముండే హోమ్‌వుడ్‌కి తిరిగి ఉంటుంది. అమ్మ తల తిప్పేసుకుంది. నాన్న మాత్రం దేవుణ్ణి వదిలేసి కింద ఎర్రటి రాయి ముక్క ఒకటి తీసి, అరచేతిలో బరువు చూసి, "ఇది ఓర్‌రా!" అన్నాడు.

నిజమే. ఆ కొండంతా ఇనుప ఖనిజం. బొగ్గు, సున్నపురాయి కూడా చుట్టుపక్కలే. ఉక్కుకి కావలసిన మూడూ ఒక్కచోటే దొరకడం వల్లే 1871లో ఇక్కడ ఊరు కట్టారు. నాన్నకి ఇది చెప్పి తప్పు చేశాను. "మా ప్లాంట్‌కి సొంత గనుల్లేవు, బైలదిల్లా నుంచి రైల్లో రావాలి. వీళ్లకి పెరట్లో గని ఉంటే మూసేసుకున్నారా?" అని దారి పొడవునా తిట్టాడు. ఎవర్ని తిట్టాడో తెలీదు.

మర్నాడే స్లాస్ ఫర్నేసెస్‌కి తీసుకెళ్లమన్నాడు. ఊరి మధ్యలో, రైలు పట్టాల పక్కన, తుప్పు పట్టిన రెండు బ్లాస్ట్ ఫర్నేసులు. 1882లో మొదలై 1971లో ఆగిపోయాయి. కూల్చకుండా మ్యూజియం చేశారు. మేం వెళ్లేసరికి ఒక బడి పిల్లల గుంపు ఉంది. గైడు ఎనభైకి దగ్గరపడ్డ నల్లజాతి పెద్దాయన, స్వచ్ఛందంగా వచ్చి చెబుతారట. వాళ్ల నాన్నగారు ఇక్కడే పనిచేశారట.

నాన్న ఎవరికోసమూ ఆగలేదు. గొడుగు చంకలో పెట్టుకుని నేరుగా కరిగిన ఇనుము బయటికి వచ్చే కాస్ట్ హౌస్‌లోకి నడిచాడు. ఫర్నేస్ చుట్టూ తిరిగి, లోపలికి వేడిగాలి ఊదే గొట్టాలు, అంటే ట్యూయర్లు లెక్కపెట్టాడు. ఆ గాలిని వేడెక్కించే స్టవ్‌ల పక్కన నిలబడి తల పైకెత్తి చూశాడు. "సేమ్‌రా. చిన్నది, అంతే" అన్నాడు. అవతల గైడు పిల్లలకి చెబుతున్నారు: మొదటి ఏడాది ఇరవై నాలుగు వేల టన్నుల ఇనుము అమ్మారు అని. నేను తెలుగులో చెప్పగానే నాన్న నవ్వాపుకోలేకపోయాడు. "మా గోదావరికి అది వారం పని కూడా కాదని చెప్పు."

విశాఖలో ఫర్నేసులకి పేర్లుంటాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఈ సంగతి గైడుకి చెప్పాను. ఆయన పిల్లల్ని ఆపేసి, "సర్, మీవాటికి నదుల పేర్లా?" అని అడిగారు. మావి ఒకటి, రెండు అంతే, అని చిన్నబుచ్చుకున్నట్టు అన్నారు. తర్వాత నాన్న వైపు చెయ్యి చూపించి, "యాల్, ఈ సర్ నిజంగా చేసినవారు. నాకంటే బాగా చెబుతారు" అని పక్కకి జరిగారు.

ముప్పై మంది పిల్లలు నాన్న వైపు తిరిగారు. నాన్నకి ఇంగ్లిష్ అర్థమవుతుంది కానీ నోరు తిరగదు. రెండు క్షణాలు తటపటాయించి గొడుగు తీశాడు. అది డ్రిల్ అయింది. ఇనుము బయటికి వచ్చే బెజ్జం, టాప్ హోల్ ఎక్కడో చూపించి, దాన్ని ఎలా తొలుస్తారో వంగి చూపించాడు. కరిగిన ఇనుము కాలవలో ఎలా వస్తుందో నడిచి చూపించాడు. స్లాగ్, అంటే కరిగిన మడ్డి, పైన తేలుతుంది, పక్కకి పోతుంది అని రెండు చేతులతో చెప్పాడు. తర్వాత గొడుగు తిప్పి పట్టుకుని, మట్టి కూరే మడ్ గన్‌లా ఆ బెజ్జం మూశాడు, నోటితో శబ్దం కూడా చేశాడు. మధ్యమధ్య టాప్ హోల్, రన్నర్, స్లాగ్, ట్యూయర్ అంటుంటే గైడు ప్రతి మాటకీ తల ఊపుతున్నారు. ఆ మాటలు వాళ్లిద్దరికీ ఒకటే. మధ్యలో నాతో పనే లేదు. ఒక పిల్లాడు చెయ్యెత్తి, "సర్, బాగా వేడిగా ఉండేదా?" అన్నాడు. దానికి మాత్రం నన్ను పిలిచాడు: "మే నెల్లో గాజువాక చూశావా అని అడుగు." అది ఎలా చెప్పాలో తెలియక "చాలా వేడి" అన్నాను. "అంతేనా చెప్పావు?" అని గుర్రుగా చూశాడు.

తర్వాత గైడు అందరినీ స్నానాల గదుల దగ్గరికి తీసుకెళ్లారు. తెల్లవాళ్లకి ఒకవైపు, నల్లవాళ్లకి ఒకవైపు. పని ఒక్క ఫర్నేస్ దగ్గరే, మసి ఒకటే, కడుక్కోవడానికి మాత్రం వేరు. ఆయన ఇది గొంతు పెంచకుండా, రైళ్ల టైమ్ చెప్పినట్టు చెప్పారు. నాన్న నా చెవి దగ్గరికి వచ్చి, "మన ఊళ్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల్లాగే కదరా?" అన్నాడు. గైడుకి అది చెప్పాలో వద్దో తేల్చుకోలేక ఊరుకున్నాను. ఆయనకి చెప్పి ఉండాల్సింది.

కార్లో చాలాసేపు మాట్లాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగితే, "ఎప్పుడు ఆపేశారన్నాడు?" అని అడిగాడు. 1971 అన్నాను. "మన ప్లాంట్‌కి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిందీ 1971 లోనే" అన్నాడు. అంతే. 2021లో ప్లాంట్ అమ్మేస్తామని ప్రకటన వచ్చినప్పుడు మోకాళ్ల నొప్పులతోనే ధర్నాలకి వెళ్లిన మనిషి. ఇంకేమంటాడో అని చూశాను, ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి అన్నం తిని పడుకున్నాడు.

ఆ తర్వాత అక్టోబరు దాకా ప్రతి మంగళవారం స్లాస్‌లో దింపి ఆఫీసుకి వెళ్లేవాణ్ణి. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ. జూలైలో ఆ పెద్దాయన మమ్మల్ని ఆదివారం భోజనానికి పిలిచారు. బొబ్బర్లు ఉడకబెట్టిన కూర, బెండకాయ వేపుడు, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. అమ్మ బెండకాయ ముక్క నోట్లో పెట్టుకుని, "వీళ్లు మనవాళ్లేరా, కారమే తక్కువ" అని తేల్చింది. నిజంగానే వేసవిలో ఫిన్లీ అవెన్యూ మార్కెట్‌కి వెళ్లి చూడండి, లేత బెండకాయలు, తొక్కతో ఉన్న పచ్చి బొబ్బర్లు బుట్టల్లెక్కన అమ్ముతారు. దారిలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు పొట్లాల్లో దొరుకుతాయి. డల్లాస్‌లో మన దుకాణంలో ఫ్రీజర్ బెండకాయ కోసం పార్కింగ్ వెతుక్కున్న రోజులు గుర్తొస్తాయి నాకు.

ఇబ్బందులు లేవని కాదు. కారు లేకపోతే కాళ్లు లేనట్టే. బియ్యం, పాల మీద కూడా అమ్మకం పన్ను వేస్తారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అది లేదు. ఈ మధ్య కొంచెం తగ్గించారు కానీ నా కోపం తగ్గలేదు. ఇంటి పన్ను మాత్రం టెక్సాస్ నుంచి వచ్చేవాళ్లకి కళ్లు తిరిగేంత తక్కువ, ఆ బిల్లు చూసినరోజు మీ ఆయన నన్ను తలచుకుంటారు. పాస్‌పోర్ట్ పనులు చూసే మన కాన్సులేట్ అట్లాంటాలో ఉంది, రెండున్నర గంటలు. అక్కడ టైమ్ మనకంటే ఒక గంట ముందు. ఇది మర్చిపోయి మేం ఒకసారి అపాయింట్‌మెంట్ పోగొట్టుకున్నాం. వసంతంలో టోర్నడో సైరన్లు మోగుతాయి, అదొక టెన్షన్. 2011 ఏప్రిల్ 27న వచ్చినదాని గురించి ఇక్కడివాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు. ఇల్లు చూసేటప్పుడు బేస్‌మెంట్ ఉందో లేదో చూసుకోండి.

ఫుట్‌బాల్ ఒకటి. దిగిన వారంలో మిమ్మల్ని "అలబామానా, ఆబర్నా?" అని అడుగుతారు, రెండూ ఇక్కడి యూనివర్సిటీల జట్లు. ఏదో ఒకటి చెప్పేయండి, "ఏదీ కాదు" అంటే అనుమానంగా చూస్తారు. అక్టోబరు శనివారం సత్యనారాయణ వ్రతం పెట్టుకుని ఆఫీసువాళ్లని పిలవకండి, ఒక్కరూ రారు. జనాభాలో మమ్మల్ని ఇదే రాష్ట్రంలోని హంట్స్‌విల్ దాటేసిందని అక్కడి తెలుగువాళ్లు మీతో అంటారు. దాటితే దాటింది. వాళ్లకి రాకెట్లు ఉన్నాయి, మాకు కొండ ఉంది.

నాన్న ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు మనవరాలి గురించి, తర్వాత 'మా ఫర్నేస్' గురించి అడుగుతాడు. ఏ ఫర్నేస్ అని నేను అడగను.

వచ్చేట్టయితే మార్చి, ఏప్రిల్ దాటాక రండి. ఆ నెలల్లో పైన్ చెట్ల పుప్పొడి రాలి ఊళ్లో ప్రతి కారూ పసుపు రాసిన గడపలా ఉంటుంది. మొదటిసారి చూసి మా ఆవిడ ఎవరో పూజ చేసి వెళ్లారనుకుంది.