పాత చందమామలు బైండు చేయించాలా? ఇప్పటి పిల్లలకి నచ్చుతాయా?

గుంటూరులో మీ అమ్మమ్మగారింటి అటక మీద పాత చందమామల కట్ట దొరికిందన్నారు. బైండు చేయించాలా, ఎనిమిదేళ్ల మీ పాపకి అవి ఎక్కుతాయా, అసలు పెద్దవాళ్లు వాటిని ఎందుకంత మురిపెంగా తలుచుకుంటారు అని అడిగారు. ముందు ఒక్క మాట: తొందరపడి ఆ కట్టని బైండరు చేతిలో పెట్టకండి.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన పిల్లల మాసపత్రికే అయినా, చందమామ తెలుగులో మీ వైపు వాళ్ల చెయ్యి చాలా ఉంది. చక్రపాణి తెనాలి వారు. 1952 నుంచి 1980లో పోయేదాకా పత్రికని నడిపించిన కొడవటిగంటి కుటుంబరావూ తెనాలి వారే. ఎవరు పంపిన కథనైనా ఆయన తిరగరాసేవారు. పొట్టి వాక్యాలు, ఇంట్లో మాట్లాడుకునే మాటలు, సమాసాల బరువు ఉండదు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు కూడా ఎక్కడా ఆగకుండా చదువుకుపోతారు. సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం కూడా అప్పటి గుంటూరు జిల్లా మనిషే. తోకచుక్క, జ్వాలాద్వీపం లాంటివన్నీ ఆయన పేరు లేకుండానే అచ్చయ్యాయి.

ఇక బొమ్మలు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య, ఎం.టి.వి. ఆచార్య వేసినవి. దాదాపు ప్రతి పేజీలోనూ బొమ్మ ఉంటుంది, అదీ ఆ పేజీలో జరుగుతున్న సంగతిదే. అందుకే అరవై దాటినవాళ్లకి కూడా కథ పేరు గుర్తులేకపోయినా, కత్తి పట్టుకుని శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడు కళ్లముందు ఉంటాడు. మనసులో నిలిచింది కథ ఒక్కటే కాదు, బొమ్మతో కలిసిన ఆ పేజీ. మీరు కాపాడాల్సిందీ ఆ పేజీనే.

మామూలు బైండింగులో దానికే ముప్పు. పన్నెండు సంచికలు ఒక్కటిగా పేర్చి, మార్జిన్ మీదుగా అడ్డంగా కుట్టేస్తారు. లోపలి అంచు కుట్టులో కలిసిపోయి పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. చదవడానికి బలవంతంగా విప్పితే, పాత కాగితం పెళుసెక్కి ఉంటుంది కాబట్టి, కుట్టు వెంబడే విరిగిపోతుంది. ఆపైన మూడు వైపులా కటింగ్ వేస్తారు, బొమ్మల అంచులు పోతాయి. పురుగు పట్టకుండా లైలో, అంటే అంటించే మైదా జిగురులో, కలిపే మైలుతుత్తం కాగితాన్ని ఇంకా త్వరగా చెడగొడుతుంది. అయినా బైండే కావాలంటే, ఆరు సంచికలకి మించి కలపొద్దని, మడతల మీదే కుట్టమని, కటింగ్ అసలు వద్దని, మైలుతుత్తం వెయ్యొద్దని ముందే చెప్పండి.

నన్నడిగితే విడిగా ఉంచడమే మేలు. మన కృష్ణాతీరం చెమ్మకి పిన్నులు తుప్పు పట్టి, చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. మడత మీద పిన్ను కొట్టిన సంచికని నడిమి పేజీ దగ్గర తెరిచి, మొండి చాకుతో పిన్ను కాళ్లు నిదానంగా లేపి తీసెయ్యండి. పాత పిన్నుల చిల్లులు రెండూ కాక మధ్యలో ఇంకొకటి పొడవండి. పుస్తకం ఎత్తుకి మూడింతల నూలుదారం తీసుకోండి. సూదిని మధ్య చిల్లులో లోపలినుంచి బయటికి, పై చిల్లులో లోపలికి, అక్కణ్ణుంచి నేరుగా కింది చిల్లులో బయటికి, మళ్లీ మధ్య చిల్లులో లోపలికి తెచ్చి, నిలువుగా ఉన్న దారానికి చెరోవైపు ఒక కొన వచ్చేలా ముడి వెయ్యండి. దారం బిగించి లాగితే మడత తెగుతుంది, జాగ్రత్త.

చిరుగులకి సెలోటేపు మాత్రం వద్దు. దాని జిగురు కొన్నేళ్లకి కాగితంలోకి దిగి గోధుమరంగు మరక అవుతుంది, అది ఇక పోదు. రెండు చెంచాల మైదాని పది చెంచాల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద చిక్కబడేదాకా ఉడికించి, చల్లారాక పలచగా రాసి, టిష్యూ కాగితం పట్టీ అంటించండి. లై ఎక్కువైతే కాగితం ముడతపడుతుంది, పైగా వెండిరంగు పురుగులు దానికోసమే వస్తాయి.

గోడ చెమ్మ తగలకుండా, పుస్తకాలున్న బీరువాని గోడకి జానెడు దూరంగా జరపండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ ఇళ్లలోకి వచ్చింది కదా, అలా తడిసిన పుస్తకాలకి బూజు రెండు మూడు రోజుల్లోనే పడుతుంది. ఎండలో పెట్టకుండా, మధ్యమధ్య తెల్లకాగితాలు పెట్టి ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. నున్నటి అట్టలు తడిమీద ఒకదానికొకటి అంటుకుంటే, ఆరాక విడదీయలేరు.

పాపకి తప్పకుండా నచ్చుతాయి, కాకపోతే కట్టంతా ముందు పొయ్యకండి. బేతాళ కథతో మొదలుపెట్టండి. బేతాళుడు ప్రశ్న వేసేదాకా మీరు చదివి, అక్కడ పుస్తకం మూసి, జవాబు తననే చెప్పమనండి. తర్వాత విక్రమార్కుడు ఏమన్నాడో చదవండి. ఇద్దరి జవాబులూ వేరైతే ఇంకా మంచిది, వాదించనివ్వండి.

సీరియలైతే రోజుకొక భాగమే. కొన్ని సంచికల్లో సీరియల్ పేజీలే లేకపోతే ఆశ్చర్యపోకండి, చాలా ఇళ్లల్లో వాటిని విడదీసి వేరే బైండు చేయించుకునేవాళ్లు. విజయవాడ లెనిన్ సెంటర్లోని పాత పుస్తకాల షాపుల్లో సంచికలు కొనేటప్పుడు కూడా ముందు సీరియల్ పేజీలు, తర్వాత నడిమి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి. పిన్ను వదిలితే మొదట రాలిపోయేవి నడిమి పేజీలే. ఒకటి రెండు భాగాలు దొరక్కపోయినా చదవడం ఆపక్కర్లేదు, అంతకుముందు జరిగిన కథ భాగం మొదట్లో నాలుగు ముక్కల్లో ఉంటుంది. దాసరి వారి సీరియళ్లు తర్వాత విడి పుస్తకాలుగా కూడా వచ్చాయి, ఏలూరు రోడ్డు షాపుల్లోనూ, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలోనూ అడిగి చూడండి.