కాపురం ఫ్రాన్స్‌లో, ఉద్యోగం లక్సెంబర్గ్‌లో కుదురుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి లక్సెంబర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. అక్కడ అద్దెలు మండిపోతున్నాయంట. పక్కనే ఫ్రాన్స్‌లో త్యోన్‌విల్‌లో ఇల్లు తీసుకుని, సూళ్లూరుపేట నుంచి చెన్నైకి లోకల్ బండిలో పోయొచ్చినట్టు పోయి రావచ్చని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా? ఫ్రెంచి రాకపోతే ఇబ్బందా?
– ఒక తల్లి, కావలి

జవాబు: రైలు సంగతి నిజమేనమ్మా, అరగంట ప్రయాణమే. చిక్కంతా కాగితాలతోనే. ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి అలా వచ్చి పనిచేసేవాళ్లు రెండు లక్షల పైమాటే. కానీ వాళ్లలో ఎక్కువమంది యూరోపియన్ యూనియన్ పౌరులు, పర్మిట్ల గొడవ లేదు. మీ అబ్బాయికి లక్సెంబర్గ్ ఇచ్చే కార్డు ఆ దేశంలో ఉండటానికే. దాంతో ఫ్రాన్స్‌కు చుట్టపుచూపుగా పోవచ్చు, 180 రోజుల్లో 90 రోజులు. కాపురానికి ఫ్రాన్స్ కార్డు వేరే కావాలి, దానిమీద లక్సెంబర్గ్ పని అనుమతి మళ్లీ విడిగా. సరిహద్దులో ఎవరూ ఆపరు కదా అని ధైర్యం చేస్తే కార్డు రెన్యువల్‌లో దొరికిపోతారు.

అందుకే లక్సెంబర్గ్‌లోనే ఉండేలా చూసుకోమనండి. దానికి ఆ దేశపు తాత్కాలిక నివాస అనుమతి ఇక్కడ ఉండగానే రావాలి. అక్కడ దిగాక అర్జీ పెడితే చెల్లదు. అది చేతికొచ్చాక 90 రోజుల్లోపు డి వీసాతో, అంటే ఎక్కువకాలం ఉండటానికిచ్చే వీసాతో, వెళ్లాలి. దిగిన 3 పనిదినాల్లో కమ్యూన్ ఆఫీసులో, అంటే అక్కడి మున్సిపాలిటీలో, చిరునామా నమోదు చేయించుకోవాలి. తర్వాత వైద్య పరీక్ష, క్షయ పరీక్ష. 3 నెలల్లోపు కార్డుకు దరఖాస్తు. చాలామందికి బెడిసికొట్టేది చిరునామా దగ్గరే: కొద్దిరోజులకు గది ఇచ్చేవాళ్లు కొందరు ఆ చిరునామాతో నమోదుకు ఒప్పుకోరు. అడ్వాన్స్ కట్టకముందే ఆ మాట మెయిల్‌లో రాయించుకోమనండి.

2024 ఆగస్టు నుంచి డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించకూడదు, ఏజెంటు ఫీజులో సగం ఇంటి ఓనరుదే. మూడు నెలలు అడిగితే ఇవ్వక్కర్లేదు. రాజధానిలోనే ఉండాలనీ లేదు, ఎష్, ఎట్టెల్‌బ్రుక్ ఊళ్లు చూడమనండి. 2020 మార్చి నుంచి దేశంలో బస్సు, ట్రాము, రైలు రెండో తరగతి అన్నీ ఉచితం. దూరానికి పోయేది టైమే, డబ్బు కాదు.

ఐటీ ఆఫీసుల్లో ఇంగ్లీషుతో చాలావరకు నడుస్తుంది. దుకాణాల్లో, హోటళ్లలో మాత్రం ఫ్రెంచే. వాటిలో పనిచేసేవాళ్లలో చాలామంది ఫ్రాన్స్, బెల్జియంల నుంచి వస్తారు మరి. చట్టాలూ ఫ్రెంచిలోనే. లక్సెంబర్గిష్ ప్రస్తుతానికి ‘మోయెన్’ అనే పలకరింపు వరకు వస్తే చాలు. రేపు పిల్లలుంటే లెక్క మారుతుంది: బాలబడిలో లక్సెంబర్గిష్, ప్రాథమిక బడిలో మామూలుగా జర్మన్‌లో అక్షరాలు, ఆపైన ఫ్రెంచి.