‘మా’ అనే మాట ఇన్ని భాషల్లో ఉందంటే, అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినట్టేనా?

ప్రశ్న: తెలుగులో ‘మా’ ఉంది, హిందీలో, ఫార్సీలో, చైనా భాషలో, జపనీస్‌లో కూడా ‘మా’ ఉంది. అర్థాలు వేరైనా మాట ఒకటే కదా! ప్రపంచ భాషలన్నీ ఒకే భాష నుంచి పుట్టాయనడానికి ఇది రుజువు కాదా?

జవాబు:

కాదండీ. విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు, ఆ ఇళ్లలోకి వచ్చిన పరభాషా అల్లుళ్లకూ కోడళ్లకూ నేను ఆన్‌లైన్‌లో తెలుగు చెబుతుంటాను. మొదటి పాఠాల్లోనే ‘మా ఇల్లు’, ‘మా ఊరు’ వస్తాయి. అక్కడే ఎవరో ఒకరు మీరడిగిన మాటే అడుగుతారు. ఫిన్లాండ్‌లో పెరిగే పిల్లవాడికి ‘మా’ అంటే నేల, దేశం. ఇటాలియన్ తెలిసినవాళ్లకు ‘కానీ’. పోలిష్ తెలిసినవాళ్లకు ‘ఆమెకు ఉంది, అతనికి ఉంది’ అనడానికి వాడే క్రియ. హంగేరియన్‌లో ఈ రోజును ‘మ’ అంటారు. ఎస్టోనియన్‌లో దీర్ఘం తీసి ‘మ’ అంటే నేను, దీర్ఘం పెట్టి ‘మా’ అంటే నేల.

వీటన్నిటిలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఫార్సీ. నా దగ్గర చదివిన ఒకాయన ఇరాన్ దేశస్థుడు, తెలుగింటి అల్లుడు. ఫార్సీలో ‘మా’ అంటే మేము. ‘ఖానెయె మా’ అంటే మా ఇల్లు. మనం ముందు పెట్టే మాట వాళ్లు వెనక పెడతారు, అంతే. శబ్దమూ కలిసింది, అర్థమూ కలిసింది. ఆయన సంబరపడిపోయి, రెండు భాషలకూ చుట్టరికం ఉన్నట్టే కదా అన్నారు. ఆ వారంలోనే భార్యతో “మా అబ్బాయికి నిద్ర వస్తోంది” అన్నారట. “మరి నేనెవరిని?” అని ఆవిడ నవ్వారట. భార్యతో మాట్లాడుతున్నప్పుడు ‘మన అబ్బాయి’ అనాలి. ‘మా’ అన్నామంటే వింటున్న మనిషిని పక్కన పెట్టినట్టే. ఫార్సీలో ఈ తేడా లేదు, రెండు చోట్లా ఒకటే మాట.

చరిత్ర చూస్తే దూరం ఇంకా పెరుగుతుంది. ఫార్సీ ‘మా’ ప్రాచీన పారసీకంలో ‘అమాఖం’. దాని సొంత అక్క సంస్కృతంలోని ‘అస్మాకమ్’. మన ‘మా’ దారి వేరు. నన్నయ నాటి తెలుగులో ‘మేము’కు ‘ఏము’ అనే రూపం ఉండేది. తమిళంలో ‘మా’ అనే అర్థానికి దీని తోబుట్టువు ‘ఎమ్’. ‘ఎమ్’కూ ‘మా’కూ పోలికేమిటని అనిపిస్తుంది. కానీ ఈ జంటలు చూడండి: తమిళంలో ఉరల్, తెలుగులో రోలు. ఇరండు, రెండు. అవన్, వాడు. ఉళ్, లో. మొదటి అచ్చును హల్లు వెనక్కి పంపడం తెలుగుకు ఒకప్పటి అలవాటు. వర్ణవ్యత్యయం అంటారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఈ మార్పులను ఎంతో వివరంగా పరిశీలించారు. ‘మా’ కూడా ఆ అలవాటులో తయారైనదే. బంధుత్వానికి నేను నమ్మే సాక్ష్యం ఇదే: ఒక మాటలో కనిపించిన మార్పు పది మాటల్లో అదే వరసలో కనిపించాలి. ఒక్క ‘మా’ను పట్టుకుని ఆ పని చేయలేం.

సంస్కృతంలో ‘మా’ గురించి కాస్త ఎక్కువే చెప్పాలనుంది. అక్కడ ‘మా’ అంటే ‘వద్దు’. క్రౌంచ పక్షిని కొట్టిన బోయవాడిని చూసి వాల్మీకి నోట వచ్చిన ‘మా నిషాద ప్రతిష్ఠాం త్వమగమః’ శ్లోకంలో మొదటి అక్షరం అదే. అయితే ‘మా’కు లక్ష్మి అనే అర్థం కూడా ఉంది. మాధవుడు అంటే ‘మా’కు ధవుడు, లక్ష్మీపతి. అందుకని వ్యాఖ్యాతలు ‘మానిషాద’ను ఒకే పదంగా తీసుకుని, లక్ష్మికి నివాసమైనవాడా అని విష్ణువును సంబోధించినట్టు చెప్పి, శాపాన్ని మంగళాశాసనంగా మార్చారు. ఒకే భాషలో ఒకే అక్షరం ఇంత పని చేయగలిగితే, వేరు వేరు భాషల్లో కలవడంలో వింతేముంది? అరబ్బీలో కూడా ‘మా’కు ‘కాదు’ అనే అర్థం ఉంది. దానికీ సంస్కృతం ‘మా’కూ సంబంధం లేదు. సంస్కృతం ‘మా’కు అసలు చుట్టం గ్రీకులోని ‘మే’. అరబ్బీ ‘మా’కు ‘ఏది’ అనే అర్థమూ ఉంది. హైదరాబాద్‌లో రోజూ వినే ‘మాషా అల్లా’లో మొదటి ముక్క అదే: అల్లా ఏది తలచాడో అది. హీబ్రూలో కూడా ‘మా’ అంటే ఏమిటి. యూదుల పస్కా పండుగ రాత్రి ఇంట్లో చిన్నపిల్లలు అడిగే ‘మా నిష్తనా’ అనే ప్రశ్నలో ఉంది. ఈ రెండూ మాత్రం నిజంగా ఒకే కుటుంబం.

చైనా, థాయ్‌లాండ్, వియత్నాం వైపు వెళితే ‘ఒకే మాట’ అనడమే కుదరదు. మాండరిన్‌లో గొంతు ఎత్తి నిలిపి ‘మా’ అంటే అమ్మ, పైకి లేపితే జనపనార, దించి లేపితే గుర్రం, గట్టిగా దింపితే తిట్టడం. బ్యాంకాక్‌లో పుట్టిన నా శిష్యురాలు ఒకమ్మాయి థాయ్‌లో రావడం, గుర్రం, కుక్క అనే మూడు ‘మా’లను వరసగా పలికి వినిపించింది. చెవికి మూడూ వేరు. తెలుగు లిపిలో రాస్తే మూడూ ఒకటైపోతాయి. ఆమాటకొస్తే హిందీలో అమ్మ కూడా ముక్కుతో పలికే ‘మాఁ’ కదా, ఉత్త ‘మా’ కాదు. మీరు వేసిన జాబితాలో సగం పోలిక లిపి తెచ్చిపెట్టిందే. ఇంకో చిక్కు అరువు మాటలతో వస్తుంది. వియత్నామీస్‌లో గుర్రానికి ఉన్న ‘మా’ చైనా నుంచి తెచ్చుకున్నది, పుట్టుకతో వచ్చినది కాదు.

జపనీస్ ‘మ’ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. రెండిటి నడుమ ఖాళీ అని అర్థం. గది వైశాల్యమైనా, నటుడు మాటకూ మాటకూ మధ్య తీసుకునే విరామమైనా అదే. దాన్ని రాసే అక్షరంలో తలుపు రెక్కల మధ్య సూర్యుడు ఉంటాడు. ఆ ‘మ’ లేనివాడిని ‘మనుకె’ అంటారు, తెలివితక్కువవాడని.

ఇక అమ్మ సంగతి. హిందీలోనూ చైనా భాషలోనూ అమ్మకు దగ్గర శబ్దమే ఉండడం ఉత్త యాదృచ్ఛికం కాదు, అలాగని బంధుత్వమూ కాదు. పాలు తాగే బిడ్డ పెదవులు మూసుకుని ముక్కుతో చేయగలిగే ధ్వని ‘మ్’ అని, ఆ సణుగుడే అమ్మను పిలిచే మాటగా స్థిరపడుతుందని భాషావేత్త రోమన్ యాకబ్సన్ 1960లో అచ్చయిన వ్యాసంలో వివరించారు. ఎక్కడి బిడ్డకైనా నోరు ఒకటే. అయితే ఆ ధ్వనికి అర్థం కట్టబెట్టేది పెద్దవాళ్లు. అందుకే జార్జియన్‌లో ‘మామా’ అంటే నాన్న, అమ్మను ‘దెదా’ అంటారు.

మీకు ఆసక్తి ఉంటే బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ‘మేము’ ఏ మాటల పక్కన ఉందో వెతకండి. తమిళ, కన్నడ, గోండీ రూపాలు వరసగా ఉంటాయి. వాటిలో మన ‘మా’లా వినిపించనివి ఎన్నో కనిపిస్తాయి. అవన్నీ దాని బంధువులే.